రూట్ కెనాల్‌కు 30,000 అంచనా: ఇందులో ఏది తప్పనిసరి, ఏది కాదు?

సాగర్‌కాలువ
అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 63 ఏళ్లు, గుంటూరులో ఉంటారు. నా ఉద్యోగం హైదరాబాదులో. కింది దవడలో కుడివైపు చివరి నుంచి రెండో పన్ను పుచ్చిపోయింది. చల్లనివి తగిలితే జివ్వుమంటోందని సంక్రాంతికే చెప్పారు, కానీ లవంగం నొక్కుకుంటూ నెట్టుకొచ్చారు. పోయిన వారం బుగ్గ వాచి, రాత్రిళ్లు నిద్ర లేకపోవడంతో వెళ్లి ఒక కొత్త క్లినిక్‌లో చూపించాను. డాక్టర్ ఎక్స్‌రే తీసి "రూట్ కెనాల్ చెయ్యాలి, క్యాప్ వెయ్యాలి" అని చెప్పి లేచిపోయారు. తర్వాత పక్క గదిలో ఒక అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి ఈ కాగితం చేతిలో పెట్టింది.

కన్సల్టేషన్ 500
ఎక్స్‌రేలు 900
రూట్ కెనాల్ 8,500
లేజర్ శుద్ధి 3,000
కోర్ బిల్డప్ 2,500
స్టెరిలైజేషన్ కిట్ 600
జిర్కోనియా క్యాప్ 14,000
మొత్తం 30,000

మందులు వేరు. ఒకేసారి కడితే 27,000కు చేస్తారట. లేదంటే నెలకు 2,500 చొప్పున 12 నెలల వాయిదాలు, "వడ్డీ అసలు ఉండదు సార్" అంది. ప్రాసెసింగ్ ఫీజు 999, దానిపై జీఎస్టీ మాత్రం ముందే కట్టాలి. మా పక్కింటావిడకు ఇదే ఊళ్లో 3,500కే రూట్ కెనాల్ అయిందని అమ్మ ఒకటే గొడవ. అమ్మకు ఆరోగ్య బీమా లేదు. పెద్దలు, తెలిసినవారు దారి చూపండి.

ఉప్పుకారం
పన్ను పీకించెయ్యండి, అయిదు వందలతో పోతుంది. మా నాన్నకు డెబ్బై ఏళ్లు వచ్చేసరికి నోట్లో ఆరు పళ్లు కూడా లేవు. జొన్నరొట్టె తిని బతికాడు. ఒక్క పంటికి ముప్పై వేలు పెట్టే కాలం వచ్చిందంటే పళ్ల డాక్టర్లు కార్లు ఎందుకు మారుస్తున్నారో అర్థమవుతోంది.

పాత మాస్టారు
ఉప్పుకారం గారూ, మీ నాన్నగారి దవడ బలం అందరికీ ఉండదండీ. నేను రిటైరవడానికి ముందు సరిగ్గా మీరు చెప్పిన పనే చేశాను. పీకించాను, అయిదు వందలు కూడా కాలేదు. కొన్నేళ్లకు ఆ ఖాళీలోకి పక్క పన్ను వాలింది, పైనున్న పన్ను కిందికి దిగింది, మధ్యలో మెతుకులు ఇరుక్కుని వాలిన పన్ను కూడా పుచ్చింది. ఇప్పుడు బ్రిడ్జి కట్టించుకున్నాను. ఒక్క పన్ను లేనందుకు అటొకటి ఇటొకటి బాగున్న పళ్లను అరగదీసి మూడు క్యాపులు వేశారు. ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) అడిగితే ఒక్కదానికే రూట్ కెనాల్, క్యాపు కలిపినదానికంటే ఎక్కువ చెప్పారు.

సాగర్‌కాలువ గారూ, పక్కింటావిడకు ఏ పన్నుకు చేశారో, ఆ 3,500లో క్యాప్ ఉందో లేదో ముందు కనుక్కోండి. మన వాళ్లు ధర చెప్పేటప్పుడు క్యాప్ సంగతి మింగేస్తారు.

పంటిపని
నేను ఎండోడాంటిస్టును, అంటే బీడీఎస్ అనే దంతవైద్య డిగ్రీ తర్వాత మూడేళ్లు ఎండీఎస్ అనే పీజీ కోర్సులో రూట్ కెనాల్ పని నేర్చుకున్నవాణ్ని. మాస్టారు సరిగ్గా అడిగారు. ఏ పన్ను అనేదే ధరలో సగం.

రూట్ కెనాల్ అంటే పంటి లోపలి మెత్తటి భాగాన్ని, నరంతో సహా, తీసేసి, వేళ్లలోని సన్నటి కాలువలను కొసదాకా ఫైళ్లు అనే సూదుల్లాంటి పరికరాలతో గీకి, కడిగి, ఆరబెట్టి, గట్టా పర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో మూసెయ్యడం. పై ముందు పళ్లకు సాధారణంగా ఒక్కటే కాలువ. మీ అమ్మగారి పన్నుకు రెండు వేళ్లు, మూడు కాలువలు, కొందరికి నాలుగు. ముందు పన్ను ముప్పావు గంటలో అయిపోతే ఇది రెండు మూడు సిట్టింగులు పట్టవచ్చు. పక్కింటావిడది ముందు పన్నయితే ఆ ధరకూ దీనికీ పోలికే లేదు.

చేసేవారు ఎవరన్నది రెండోది. మామూలు బీడీఎస్ డాక్టర్లు చక్కగా చేసేవారు ఎందరో ఉన్నారు. కాలువ వంకర తిరిగినా, సున్నం పేరుకుని మూసుకుపోయినా, ఒకసారి చేసినది చెడిపోయి మళ్లీ చెయ్యాల్సి వచ్చినా స్పెషలిస్టు చేతికి వెళ్లడం మంచిది. వారు ఎక్కువ తీసుకుంటారు, మైక్రోస్కోప్ ఉంటే ఇంకొంచెం ఎక్కువ.

ఇక మీ కాగితం. ఎక్స్‌రేలు 900 సబబే. చికిత్సకు ముందు ఒకటి, మధ్యలో ఫైలు కొస ఎక్కడుందో చూడడానికి ఒకటి, నింపాక ఒకటి ఉండాలి. చాలాచోట్ల ఇవి రూట్ కెనాల్ ధరలోనే కలిసి ఉంటాయి, అడగండి. రూట్ కెనాల్ 8,500 మన నగరాల్లో స్పెషలిస్టు ధర. స్పెషలిస్టే చేస్తున్నారా అన్నది మాత్రం నిర్ధారించుకోండి. బోర్డు మీద పేరు ఒకరిది, చేసేది ఇంకొకరు కావడం కొత్తేమీ కాదు.

లేజర్ 3,000 అవసరం లేదు. కాలువలను శుభ్రం చేసే అసలు పని సోడియం హైపోక్లోరైట్ ద్రావణానిది. అది సరిగా, కావలసినంత సేపు వాడితే లేజర్ లేకుండానే పని పూర్తవుతుంది. లేజర్ అబద్ధం అనను, అదనపు సాయం అంటాను. దానికి డబ్బు పెట్టాలా అన్నది మీ ఇష్టం, తప్పనిసరి అని చెబితే నమ్మకండి.

స్టెరిలైజేషన్ కిట్ 600 చూసి నాకు కోపం వచ్చింది. పరికరాలు శుద్ధి చెయ్యడం మా కనీస బాధ్యత. హోటల్లో కంచం కడిగినందుకు వేరే బిల్లు వేస్తారా?

కోర్ బిల్డప్ అంటే పుచ్చు తీసేశాక బోలుగా మిగిలిన పన్నును క్యాప్ పట్టుకునేలా గట్టి పదార్థంతో కట్టడం. సగం పన్ను పోయినప్పుడు ఇది నిజంగానే కావాలి. గోడలు బాగానే ఉంటే మామూలు ఫిల్లింగ్ చాలు, ఖర్చు తగ్గుతుంది. పన్ను తెరిచి పుచ్చంతా తీస్తేగాని ఎంత మిగిలిందో తెలియదు. అందుకే ముందే రాసిన 2,500 పెరగొచ్చు, తగ్గొచ్చు.

అసలు డబ్బంతా క్యాప్‌లో ఉంది. దవడ పన్నుకు క్యాప్ మానకండి. నరం పోయినందువల్ల కాదు, పుచ్చు తీసి, పైనుంచి రంధ్రం చేసి, లోపలంతా తవ్వాక పన్ను బలం తగ్గుతుంది. నమిలేటప్పుడు నిలువునా చీలితే ఇక పీకడం తప్ప దారి లేదు. రూట్ కెనాల్‌కే డబ్బు అయిపోయిందని క్యాప్ వాయిదా వేసి, రెండు ముక్కలైన పన్నుతో వచ్చేవారిని చూస్తూనే ఉంటాను. చేతిలో తక్కువుంటే క్యాప్ రకం మార్చుకోండి, క్యాప్ మానకండి. లోహపు క్యాప్ అన్నిటికంటే చవక. పైగా దానికోసం పన్నును తక్కువ అరగదీస్తాం, అది పగలదు. వెండి రంగులో ఉండడమే దాని నేరం. పైన పింగాణీ పూసిన లోహపు క్యాప్ మధ్యరకం, కొన్నేళ్లకు పింగాణీ పెచ్చు లేవవచ్చు. జిర్కోనియా రంగు బాగుంటుంది, గట్టిది, ఖరీదు. అమ్మగారు నోరు బార్లా తెరిస్తే తప్ప కనబడని పన్ను అది.

లెక్కలపద్దు
డాక్టర్ గారు పన్ను చూశారు, నేను వాయిదా చూస్తాను. బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేశాను.

ఒకేసారి కడితే 27,000 అన్నారంటే ఆ చికిత్స ధర 27,000. వాయిదాల్లో 30,000. ఆ మూడు వేలకు వడ్డీ అన్న పేరు పెట్టలేదు, అంతే. ప్రాసెసింగ్ ఫీజు 999కి 18 శాతం జీఎస్టీ కలిపితే 1,179 దాకా మొదటి రోజే జేబులోంచి పోతుంది. అంటే 27,000లోంచి అది పోను మీకు నిజంగా అందే అప్పు 25,821, తిరిగి కట్టేది 30,000. నెలనెలా అసలు తరుగుతూ పోతుంది కాబట్టి ఏడాదికి లెక్కకడితే 28 శాతం దాటుతుంది. చాలా పర్సనల్ లోన్లు దీనికంటే చవక. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు ఏ రిటైల్ రుణానికైనా "కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్" అనే పత్రం ఇవ్వాలి, అందులో అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు రాసి ఉంటుంది. ఆ పత్రం అడగండి. అందులో కూడా 30,000నే అసలుగా చూపితే మూడు వేలు కనబడవు, కాబట్టి నగదు ధరతో పోల్చుకోండి.

అసలు అప్పే అక్కర్లేకపోవచ్చు. సిట్టింగుకు ఇంత అని కట్టనిమ్మని అడగండి. ఇవాళ పన్ను తెరిచినందుకు కొంత, నింపిన రోజు కొంత, క్యాప్ కొలత ఇచ్చిన రోజు సగం, వేసిన రోజు మిగతాది. చిన్న క్లినిక్‌లలో ఇది ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతే. మొత్తం ముందే కట్టేస్తే మధ్యలో నచ్చకపోయినా లేచి రాలేరు.

ఇంకొకటి. అమ్మగారికి 60 దాటాయి, బీమా లేదు. మీరు పాత ఆదాయపు పన్ను విధానంలో ఉంటే తల్లిదండ్రుల వైద్య ఖర్చు ఏడాదికి 50,000 వరకు ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. నగదుగా ఇస్తే చెల్లదు. యూపీఐ, కార్డు, బ్యాంకు బదిలీ ఏదైనా పర్వాలేదు. రసీదు అమ్మగారి పేరున, చికిత్స వివరంతో తీసుకోండి. కొత్త విధానంలో ఉంటే ఈ సౌకర్యం లేదు. మీ శ్లాబు 20 శాతమైతే ఖర్చులో దాదాపు అయిదో వంతు వెనక్కి వచ్చినట్టే.

అలాగే వైద్య చికిత్సకు జీఎస్టీ మినహాయింపు ఉంది. రూట్ కెనాల్ బిల్లు మీద ఎవరైనా జీఎస్టీ రాస్తే ఎందుకని అడగండి. అందానికి చేసే పనులు వేరే లెక్క.

ఉప్పుకారం
28 శాతమా? మా ఊరి వడ్డీ వ్యాపారి నూటికి రెండు రూపాయలకు ఇస్తాడు. అదీ పళ్లు చూడకుండా.

బాలానగర్ ఫిట్టర్
నాకు ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా ఉంది. జీతం నెలకు 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్ఐ వర్తించే కంపెనీ కట్టి తీరాలి, మన జీతంలోంచి 0.75 శాతం పోతుంది. దంతవైద్యం కూడా అందులో ఉందని మా షెడ్డులో సగం మందికి తెలియదు. నాకు దవడ పన్ను రూట్ కెనాల్ పైసా లేకుండా అయింది. వరుస పెద్దది, ఒక్కోసారి పూట కూలీ పోతుంది. ఆ నష్టం కూడా లెక్కలో వేసుకోవాలి. మీరు ఈఎస్ఐ పరిధిలో ఉంటే, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులను కూడా కార్డులో చేర్చవచ్చు. పరిధిలో లేకపోతే ఈ సలహా మీకు కాదు, చదివేవారిలో ఎవరికైనా పనికొస్తుందని రాశాను.

పాత మాస్టారు
మంచి మాట చెప్పారు బాబూ. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు సీజీహెచ్ఎస్ అనే ఆరోగ్య పథకంలో కూడా దంతవైద్యం ఉంది, రేట్లు వారే నిర్ణయిస్తారు. మా వియ్యంకుడు రైల్వేలో చేసి రిటైరయ్యాడు, వాళ్ల ఆసుపత్రిలో పంటి డాక్టర్ ఉన్నాడని తెలియక బయట డబ్బు పెట్టాడు. ఏదైనా కార్డు ఇంట్లో ఉంటే ముందు దాని వెనుక చదవాలి. ఆరోగ్యశ్రీని మాత్రం నమ్ముకోవద్దు. దవడ ఎముకలు విరిగినప్పుడు చేసే ఆపరేషన్ల వంటివి వేరు, పుచ్చు పన్నుకు రూట్ కెనాల్ దాని పరిధిలోకి రాదు.

డాలస్ మేడమీద
మీ ముప్పై వేలు చూసి నాకు ఈర్ష్యగా ఉందండీ. ఇక్కడ దవడ పన్నుకు ఎండోడాంటిస్టు దగ్గర ఒక్క రూట్ కెనాలే వెయ్యి నుంచి పదిహేను వందల డాలర్లు, క్యాప్‌కు మళ్లీ అంత. డెంటల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. దానికి ఏడాది పరిమితి ఉంటుంది, చాలా ప్లాన్లలో వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల మధ్య. ఒక్క పన్నుతోనే అది అయిపోతుంది. క్యాప్‌ను పెద్ద పనుల కింద లెక్కకట్టి సగమే ఇస్తారు. ఇక్కడివాళ్లు చేసే ఉపాయం ఏమిటంటే రూట్ కెనాల్ డిసెంబరులో, క్యాప్ జనవరిలో. రెండు సంవత్సరాల పరిమితులు వాడుకోవచ్చు. డాక్టర్ సరేనంటేనే, మధ్యలో పన్నుకు గట్టి తాత్కాలిక కట్టుబడి ఉంటేనే.

నేనైతే హైదరాబాదు వచ్చినప్పుడు చేయించుకున్నాను. టికెట్టు ఎలాగూ పెళ్లి కోసం కొన్నదే. అలా చేసేవారికి ఒక్కటే చెబుతాను, దిగిన వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. క్యాప్ ల్యాబు నుంచి రావడానికి రోజులు పడుతుంది, వేశాక ఎత్తుగా తగిలితే సరిచేయించుకోవాలి. విమానం ఎక్కే ముందురోజు క్యాప్ పెట్టించుకుంటే ఇక్కడికొచ్చాక అరగదీయించుకోవడానికే బిల్లు వస్తుంది. చికిత్సకు ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలు ఫోనులో పెట్టుకుని రండి.

లీడ్స్ చలిమంట
ఇంగ్లండులో ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) దంతవైద్యుడి దగ్గర ధర పన్నును బట్టి కాదు, బ్యాండును, అంటే ధరల మెట్టును బట్టి. రూట్ కెనాల్ రెండో బ్యాండు, 2025 ఏప్రిల్ రేటు ప్రకారం 75.30 పౌండ్లు. క్యాప్ మూడో బ్యాండు, 326.70 పౌండ్లు. రెండూ ఒకే చికిత్సలో భాగమైతే రెండు బ్యాండులూ కలపరు, పెద్దది ఒక్కటే కడతాం. కాలువలు మూడైనా నాలుగైనా అంతే. వినడానికి బాగుంది కదా? కొత్త రోగులను చేర్చుకునే ఎన్‌హెచ్ఎస్ డాక్టర్ దొరకడమే గగనం. దొరక్క ప్రైవేటుకు వెళ్తే డాలస్ గారి లెక్కలోకి వచ్చేస్తాం.

సాగర్‌కాలువ
ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. పక్కింటావిడను అడిగాను. ఆమెది పై ముందు పన్ను, క్యాప్ వేయించుకోలేదు. మాస్టారు గారి అనుమానం నిజమే.

ఇప్పుడు కొత్త చిక్కు. క్లినిక్‌లో రాసిచ్చిన యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు వాడాక అమ్మకు వాపు పోయింది, నొప్పి లేదు. "తగ్గిపోయిందిగా, ముప్పై వేలు మిగిలాయి" అని పండగ చేసుకుంటున్నారు. ఆమెకు షుగర్ కూడా ఉంది. ఇంకో మాట, డెంటల్ కాలేజీకి తీసుకెళ్లమని బాబాయి అంటున్నారు. విద్యార్థులు చేస్తారు కదా, భయంగా ఉంది. నిజం చెప్పాలంటే ఆ క్లినిక్‌కు మళ్లీ ఫోను చేసి లేజర్ తీసెయ్యమని అడగాలంటే నాకే మొహమాటంగా ఉంది. డాక్టర్ దగ్గర బేరమాడినట్టు ఉంటుందేమో.

పంటిపని
నొప్పి తగ్గింది, జబ్బు తగ్గలేదు. వాపు, రాత్రి నొప్పి, ఆ తర్వాత హఠాత్తుగా ప్రశాంతత అంటే చాలావరకు లోపలి నరం చచ్చిపోయిందని. చచ్చిన నరానికి నొప్పి తెలియదు, సూక్ష్మక్రిములు మాత్రం కాలువల్లోనే ఉంటాయి. కాలువలోకి రక్తప్రసరణ లేదు కాబట్టి మాత్రలు అక్కడికి చేరవు. చుట్టూ పాకిన వాపును అవి తగ్గిస్తాయి, మూలాన్ని తీయలేవు. చీము మళ్లీ వస్తుంది. షుగర్ ఉన్నవారికి ఇన్ఫెక్షన్ త్వరగా ముదరవచ్చు, చీము ఉంటే షుగర్ కూడా అదుపు తప్పుతుంది. చికిత్సను నెలల తరబడి వాయిదా వెయ్యకండి. జ్వరం వచ్చినా, వాపు గొంతు వైపు దిగినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా ధరల గురించి ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లండి.

అయితే ఇప్పుడు నొప్పి లేదు కాబట్టి నాలుగు రోజులు విచారించే వ్యవధి దొరికింది. నొప్పితో మూలుగుతున్నప్పుడు ఎవరూ బేరం చెయ్యలేరు, ఆ కాగితాలు ఇచ్చేవారికి ఆ సంగతి బాగా తెలుసు. ఎక్స్‌రే కాపీ తీసుకుని ఇంకో స్పెషలిస్టుకు చూపించండి. రెండు మూడు వందలు ఫీజు తీసుకుంటారు. మొట్టమొదట అడగాల్సింది ధర కాదు, "ఈ పన్ను నిలుస్తుందా?" అని. చిగురు పైన చుట్టూ కాస్త గట్టి పన్ను మిగలాలి, లేకపోతే క్యాప్ పట్టదు. వేరు చుట్టూ ఎముక బాగా కరిగిపోయినా, పన్ను అడుగుదాకా చీలినా, ఉప్పుకారం గారి మాటే వైద్యం. పీకించడమే మంచిది. నేను వారానికొకరినైనా అలా పంపుతాను.

తర్వాత అడగాల్సింది "రబ్బరు డ్యామ్ వేస్తారా?" అని. పంటి చుట్టూ కట్టే పల్చటి రబ్బరు తెర అది. ఉమ్మి కాలువల్లోకి పోకుండా, ఫైలు జారి గొంతులోకి పడకుండా కాపాడుతుంది. దాని ఖర్చు పెద్దదేమీ కాదు. అది వేసే డాక్టర్ మిగతా పనిలోనూ శ్రద్ధ పెడతారని నా అనుభవం.

మొహమాటం సంగతి. అంచనా కాగితంలో ఒక్కో పద్దు ఎందుకో అడగడం బేరం కాదండీ. మంచి డాక్టర్‌కు ఆ ప్రశ్న ఇబ్బంది కలిగించదు. నేను కోరేది ఒక్కటే, ఆ ప్రశ్న పక్క గదిలోని అమ్మాయిని కాదు, డాక్టర్‌ను అడగండి. లేజర్ అవసరమో కాదో ఆమెకు ఎలా తెలుస్తుంది?

రెండో సంవత్సరం పీజీ
డెంటల్ కాలేజీ గురించి నేను చెబుతాను. ఇదే విభాగంలో ఎండీఎస్ చదువుతున్నాను. కాలేజీలో కష్టమైన దవడ పళ్ల రూట్ కెనాల్ ఎక్కువగా పీజీలకే ఇస్తారు. మేం బీడీఎస్ పూర్తిచేసిన డాక్టర్లం, విద్యార్థులు అనగానే పిల్లలు అనుకోకండి. పన్ను తెరిచాక, ఫైలు కొలత ఎక్స్‌రే తీశాక, నింపబోయే ముందు ప్రతిసారీ మా సార్ వచ్చి చూడాలి. ఆయన సరేనంటేనే తర్వాతి అడుగు. మా కొలత అర మిల్లీమీటరు తేడా వచ్చినా మళ్లీ తియ్యమంటారు. బయట క్లినిక్‌లో మీ ఎక్స్‌రేను రెండో జత కళ్లు చూస్తాయా?

ప్రభుత్వ దంత కళాశాలలు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ఉన్నాయి. మీకు గుంటూరు పక్కనే తక్కెళ్లపాడులో ప్రైవేటు డెంటల్ కాలేజీ ఉంది, గన్నవరం దగ్గర ఇంకొకటి. భీమవరం, రాజమండ్రి, నెల్లూరు, ఖమ్మం, నార్కట్‌పల్లి వైపు వారికి కూడా దగ్గరలో ఉన్నాయి. ప్రైవేటు కాలేజీల్లోనూ ఫీజు బయటికంటే బాగా తక్కువ.

అసలు ఖర్చు సమయం. పొద్దున్నే ఓపీ చీటీ, ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి, ఎక్స్‌రే వరుస, సార్ కోసం ఎదురుచూపు. క్లినిక్‌లో గంటలో అయ్యే సిట్టింగ్ ఇక్కడ పూటంతా పడుతుంది. మధ్యలో మాకు పరీక్షలొస్తే ఇంకా ఆలస్యం. షుగర్ ఉన్న అమ్మగారిని తీసుకెళ్తే టిఫిన్ తినిపించి, మాత్ర వేయించి తీసుకెళ్లండి. ఖాళీ కడుపుతో కూర్చుని కళ్లు తిరిగిన వాళ్లను చూశాను.

ఉప్పుకారం
పంటిపని గారు నా మాటకు విలువ ఇచ్చారు కాబట్టి నేనూ ఒక మాట ఒప్పుకుంటాను, అందరూ మా నాన్న కాదు. కానీ ఒక్కటి చెప్పండి. పద్నాలుగు వేల క్యాప్ ల్యాబు నుంచి డాక్టర్‌కు ఎంతకు వస్తుంది?

పంటిపని
ల్యాబును బట్టి, క్యాప్ చెక్కే జిర్కోనియా దిమ్మె కంపెనీని బట్టి. మీరు ఊహించినంత తక్కువ కాదు, 14,000కు దగ్గర్లో కూడా కాదు. మిగతాదాంట్లో అద్దె, జీతాలు, కుర్చీ వాయిదా, కొలత సరిపోకపోతే మళ్లీ చేయించే ఖర్చు, ఆ పక్క గది అమ్మాయి కమీషన్ అన్నీ ఉంటాయి. జిర్కోనియా వేయించుకునేవారు కంపెనీ పేరు, నంబరు ఉన్న వారంటీ కార్డు అడిగి తీసుకోండి. ఆ పేరుతో డబ్బు తీసుకుని ఇంకో సరుకు వెయ్యకుండా ఉంటారు. వారంటీ పగిలిన క్యాప్‌కే గాని, లోపలి పన్నుకు కాదని గుర్తుంచుకోండి.

సాగర్‌కాలువ
చెప్పినట్టే ఎక్స్‌రే తీసుకుని గుంటూరులోనే ఇంకో ఎండోడాంటిస్టు దగ్గరికి వెళ్లాం. చిన్న క్లినిక్, పక్క గది లేదు. ఆవిడే కాగితం మీద పన్ను బొమ్మ గీసి అమ్మకు చెప్పారు. షుగర్ రిపోర్టు చూశాకే మొదలుపెట్టారు. రబ్బరు డ్యామ్ వేశారు. నాలుగో కాలువ ఉందట, మైక్రోస్కోప్‌లో వెతికి పట్టుకున్నారు. రెండు సిట్టింగులు.

కన్సల్టేషన్ 300, రూట్ కెనాల్ ఎక్స్‌రేలతో కలిపి 7,000, కోర్ 1,500, లోహపు క్యాప్ 3,000. మొత్తం 11,800. జిర్కోనియా అయితే 9,000 అన్నారు. డాక్టర్ గారు రెండూ చూపిస్తే అమ్మే వెండి రంగుది ఎంచుకున్నారు. "ఈ వయసులో నా దవడ పన్ను ఎవరు చూడొచ్చారు" అని. ఒక సంగతి గమనించాను, రూట్ కెనాల్ పని ధరలో రెండు చోట్లా పెద్ద తేడా లేదు. తేడాలో ఎక్కువ భాగం దాని చుట్టూ ఉన్నవాటిలోనే. డబ్బు సిట్టింగుకు ఇంత చొప్పున ఫోన్‌పేలో కట్టాను. వాయిదాల గోల లేదు.

లెక్కలపద్దు
రసీదు అమ్మగారి పేరునే తీసుకున్నారు కదా? ఫోన్‌పే లావాదేవీ వివరం కూడా దానితో కలిపి దాచండి.

సాగర్‌కాలువ
తీసుకున్నానండీ. చికిత్స వివరం, పంటి నంబరుతో సహా రాయించాను.

కొత్త సైకిల్
ఇక్కడే అడగవచ్చా? మా తమ్ముడు పోయిన నెల బండి మీద నుంచి పడ్డాడు, పై ముందు పన్ను సగం విరిగింది. ఇప్పుడు రంగు మారుతోంది, రూట్ కెనాల్ అంటున్నారు. వాడికి కంపెనీ బీమా ఉంది. మామూలుగా పళ్లకు రాదు అన్నారు, నిజమేనా?

లెక్కలపద్దు
మామూలుగా రాదు. పుచ్చుకు, క్యాప్‌కు మన ఆరోగ్య బీమాలు చాలావరకు ఇవ్వవు, ఓపీడీ సౌకర్యం (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి బీమా) విడిగా కొంటే తప్ప. కానీ ప్రమాదంలో దెబ్బతిన్న పంటికైతే చాలా పాలసీలు డబ్బు ఇస్తాయి. ఆసుపత్రిలో చేరితేనే అన్న షరతు ఉంటుంది, కొన్నిటిలో డే కేర్ (అదే రోజు ఇంటికి పంపేసే చికిత్స) చాలు. పాలసీ పత్రంలో "దంత చికిత్స" అన్న పేరా చదవండి. కంపెనీ గ్రూపు పాలసీలో షరతులు వేరుగా ఉంటాయి కాబట్టి హెచ్ఆర్‌ను కూడా అడగండి. పడిన రోజు ఏదైనా ఆసుపత్రిలో చూపించిన కాగితం ఉందా? అదే ముఖ్యం.

పంటిపని
ముందు పన్నుకు ఒక్కటే కాలువ, ఖర్చు తక్కువే. విరిగింది సగమే కాబట్టి ఫిల్లింగ్‌తో సరిపోతుందో, క్యాప్ కావాలో డాక్టర్ చూసి చెబుతారు. ముందు పళ్లన్నిటికీ క్యాప్ తప్పనిసరి కాదు. చికిత్స మొదలుపెట్టే ముందు తీసిన ఎక్స్‌రే, విరిగిన పంటి ఫొటో దాచి ఉంచమనండి, బీమా వాళ్లు అడిగేది అదే. రంగు మారుతోందంటే ఇక ఆలస్యం చెయ్యవద్దు, ఈ వారంలోనే తీసుకెళ్లండి.